నాలుక మడత

ఆసుపత్రి లాండ్రీలో రోలర్ మిషన్ కొత్తమ్మాయి చేతిని లోపలికి లాక్కున్న రోజు నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. చేతులు లోపలికి పోకుండా ఆ మిషన్‌కి ఉండాల్సిన అడ్డుకమ్మీ ఎప్పుడో విరిగిపోతే ఎవరూ మళ్ళీ పెట్టించలేదు. అది పెట్టేదాకా పనిలోకి రామని లాండ్రీవాళ్ళంతా ఆసుపత్రి గేటు బయట కూర్చున్నారు. వాళ్ళ కమిటీలో మా ఆయన ఒకరు. మొదట్లో ఊరంతా ఆ పిల్ల చేతిని చూసి జాలిపడింది. దుప్పట్లు లేక ఆపరేషన్లు వాయిదా పడటం మొదలయ్యాక ఆ జాలి రోగుల వైపు తిరిగింది. మా ఎదురింటి టీచరమ్మ వీధివీధీ తిరిగి ఆడవాళ్ళని కూడగట్టారు. ఆసుపత్రి మూటలు ఇళ్ళకి పంచి, ఉతికించి, తిరిగి పంపించసాగారు. ఆ ఆడవాళ్ళని అభినందిస్తూ ఆసుపత్రి హాల్లో సభ పెట్టారు. అందులో రెండు మాటలు మాట్లాడమని ఆవిడ వారం ముందే మా గుమ్మంలో నిలబడి నన్ను అడిగారు. సమ్మెలో ఉన్నవాడి భార్యే మాట్లాడితే దానికి ఉండే బరువు వేరని ఆవిడ ఉద్దేశం. నేను ఔననలేదు, కాదనలేదు.

ఇంత జరుగుతుంటే, సభకి ముందురోజు సాయంత్రం మా ఇంట్లో గొడవ తువ్వాళ్ళ గురించి వచ్చింది.

మా అత్తగారు తువ్వాలు మడతపెడితే అది ఇంట్లో తువ్వాలులా ఉండదు. నిలువునా మూడు మడతలు, అడ్డంగా మూడు మడతలు, అంచులన్నీ లోపలికి. అంతా అయ్యాక ఒక్క మూలని మాత్రం బయటికి లాగి వదిలేస్తారు. లాండ్రీలో దాన్ని నాలుక అంటారు. కాన్పు చేసే నర్సు ఆ నాలుక పట్టుకుని ఒక్క దులుపు దులిపితే గుడ్డంతా విచ్చుకోవాలి, మధ్యలో ఎక్కడా చెయ్యి తగలకూడదు. పనిలో చేరినవాళ్ళకి మిషన్లకంటే ముందు నేర్పేది ఆ మడతేనట. అత్తగారు ఆ లాండ్రీలోనే తల నెరిపించుకుని రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా మడత వదల్లేదు.

"అత్తయ్యా, ఈ నాలుకలు లోపలికి పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను? బీరువాలో దొంతర నిలబడటం లేదు. ఒకటి తీస్తే నాలుగు మీద పడుతున్నాయి."

"ఒకటి తీస్తే ఒకటే రావాలనే ఆ నాలుక పెట్టేది. నువ్వు నడుం పట్టుకుని లాగుతావు. అదెందుకు ఊరుకుంటుంది?"

"ఇదేమన్నా ఆపరేషన్ గదా? తల తుడుచుకునే తువ్వాలు."

"తల అంత తక్కువదా?"

"నా ఇంట్లో మాత్రం నలుచదరంగా మడుస్తారు. అంతే."

"నీ ఇల్లా. సరే."

మా అత్తగారి సరేకి చాలా అర్థాలున్నాయి. ఒప్పుకోవడం వాటిలో లేదు.

స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మానికి ఆనుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ చర్చలు పూర్తిచేసుకుని ఒప్పందం మీద సంతకాలు పెట్టేలోపు నాకో తువ్వాలు పడెయ్యండి. స్నానానికి పోతాను."

"పడెయ్యరే, అందిస్తారు," అంటూ వాళ్ళ నానమ్మ ఒక నాలుక పట్టుకుని దులిపారు. తువ్వాలు గాల్లోనే పూర్తిగా విప్పుకుని పిల్ల భుజం మీద వాలింది. అది గొడవలో నాకెదురుగా వేసిన ఎత్తని నాకు తెలుసు. కానీ నా కళ్ళు తువ్వాలు మీద లేవు. ఆవిడ వేలికొనలు తెల్లగా నాని, ముడతలుపడి ఉన్నాయి. గోళ్ళ పక్కన చర్మం లేచింది. మా ఇంట్లో బట్టలుతికింది నేను, అదీ పొద్దున.

"మీ వేళ్ళేంటి అలా ఉన్నాయి?"

"వయసు," అని దొంతర ఎత్తుకుని పెరటివైపు గదిలోకి వెళ్ళిపోయారు.

నేను అక్కడితో వదిలేశాను. నిజానికి నా చిరాకు తువ్వాళ్ళ మీదిది కాదు. మధ్యాహ్నం కొట్లో తగిలిన మాట ఇంకా దిగలేదు. సబ్బుపొడి అడిగితే కొట్టాయన పొట్లం చేతికివ్వకుండా పట్టుకుని, "మీకెందుకమ్మా ఇది? మీ ఇంట్లో సమ్మె కదా," అన్నాడు. హాస్యానికే అన్నాడు. నా వెనక నిలబడ్డావిడ మాత్రం హాస్యంగా అనలేదు.

"మా మరిదికి కడుపులో పుండు. ఆపరేషన్ ఇప్పటికి రెండుసార్లు ఆపారు. దుప్పట్లు లేవట. గుడ్డలుతకడానికి కూడా సమ్మేనా? పెళ్ళైన దగ్గర్నుంచీ మనం ఉతుకుతూనే ఉన్నాం. మనకెవడు పెట్టాడు అడ్డుకమ్మీ?"

కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ చేతిసంచిలోంచి ఆసుపత్రి నీలం ముద్ర ఉన్న దుప్పటి అంచు బయటికి కనబడుతోంది. ఇంటెడు చాకిరీ చేసుకుని, దానిమీద ఎవరో ముక్కూమొహం తెలియని రోగి దుప్పటి ఉతికి, ఆరేసి, మోసుకుపోతోంది. ఆవిడ మీద నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. మా ఆయనకి చెబితే ఏమంటారో కూడా తెలుసు. టీచరమ్మ గురించి చెప్పినప్పుడు అన్న మాటే అంటారు. "వాళ్ళు మంచివాళ్ళు. నాకు భయం అందుకే."

దీపాలు పెట్టే వేళకి మా ఆయన వచ్చారు. వెనకాలే బాయిలర్ బాబాయ్.

ఆయన లాండ్రీలో బాయిలర్ నడిపే మనిషి, యూనియన్‌కి పెద్ద. మా ఆయనకి సొంత బాబాయేం కాదు. మా మావగారు పోయాక ఈ ఇంటికి మగదిక్కుగా నిలబడి, మా ఆయన్ని చెయ్యిపట్టుకుని ఆ లాండ్రీలోకి తీసుకెళ్ళింది ఆయనే. ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది. మామూలుగా వీధి మలుపులో ఉండగానే, "అమ్మాయ్, బాయిలర్ చల్లబడింది, టీ పొయ్యి," అంటూ వస్తారు. ఆవేళ నేను అడిగినా టీ వద్దన్నారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చంకలో సంచిలోంచి ఒక దుప్పటి తీసి భోజనాల బల్ల మీద పెట్టారు.

"దారిలో చెప్పలేదురా నీకు. ఇంట్లోనే చెప్పాలనిపించింది. ఇది చూడు."

మా ఆయన చూశారు. "మన ఆసుపత్రిదే. అయితే?"

"ముద్ర కాదు. మడత."

నేనూ చూశాను. నిలువునా మూడు, అడ్డంగా మూడు, అంచులన్నీ లోపలికి. బల్ల అంచు మీదికి ఒక మూల చిన్నగా వేలాడుతోంది.

"మనం గేటు బయట కూర్చున్నాక లాండ్రీలోంచి నూలుపోగు బయటికి పోలేదు," అన్నారు బాబాయ్. "ఇది నిన్న టీచరమ్మగారి మూటల్లో వచ్చింది. కాన్పుల వార్డు ఆయా చాటుగా తెచ్చిచ్చింది. ఒక్కటే కాదట. అలమరలో ఒక అర నిండా ఇవే ఉన్నాయట. మీ వీధి మూటలో వచ్చాయని కూడా చెప్పింది. మీ వీధిలో లాండ్రీవాళ్ళ ఇల్లు ఇదొక్కటే."

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. "నువ్వేనా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతుతో ఆయన నన్నేదీ అడగలేదు.

"టీచరమ్మ నిన్ను అడిగి వెళ్ళింది. నువ్వు కాదనలేదు," అన్నారు మళ్ళీ.

"నేనా?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆ మడతంటేనే నాకు ఒళ్ళుమంట. ఇందాక తువ్వాళ్ళ దగ్గర అత్తయ్యతో దానికోసమేగా పోట్లాడాను."

మాట నోట్లోంచి బయటపడ్డాక గాని నేనేం చెప్పానో నాకు తెలియలేదు. బాబాయ్ కళ్ళు దించుకున్నారు. ఆయనకి ముందే తెలుసు. నా నోటినుంచి గాని, ఈ ఇంట్లో ఎవరి నోటినుంచి గాని ఆ పేరు రాకూడదనే అంతసేపు చుట్టూ తిప్పి మాట్లాడారు.

"అమ్మాయిని ఎందుకు అడుగుతావురా," అంటూ అత్తగారు గదిలోంచి బయటికి వచ్చారు. చేతులు చీర కొంగుతో తుడుచుకుంటున్నారు, తడి లేకపోయినా. "నేనే. టీచరమ్మ పెరట్లో ఉతికాను. నువ్వు గేటు దగ్గరికి పోయాక, ఇది వంటలో పడ్డాక. దీనికి చెబితే నీకు చెప్పాలా మానాలా అని నలిగిపోతుందని చెప్పలేదు."

"అమ్మా," అన్నారు మా ఆయన.

"టీచరమ్మ మనవరాల్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. పుట్టి పూట కూడా కాలేదు. బిడ్డని వాళ్ళ నాన్న చొక్కాలో చుట్టి పడుకోబెట్టారు. మూటలొచ్చే దాకా మరి ఏం లేవన్నారు. ఎత్తుకుంటే బుగ్గ మీద గుండ్రంగా అచ్చుపడి ఉంది. ఏంటా అని చూస్తే చొక్కా గుండీ." ఆవిడ తన చెంప మీద వేలితో ఆ చోటు చూపించారు. "నేను బతికుండగా, ఆ వార్డులో బిడ్డకి గుడ్డ లేదా అనిపించింది. వచ్చేటప్పుడు మూట తీసుకునే వచ్చాను."

"చిట్టి చెయ్యి నువ్వూ చూశావు కదమ్మా."

చిట్టి అంటే రోలర్‌లో చెయ్యిపడ్డ అమ్మాయి. లాండ్రీలో అందరికంటే చిన్నదని అలా పిలుస్తారు. కట్టుకట్టిన చేత్తోనే తనూ రోజూ గేటు దగ్గర కూర్చునేది.

"చూడ్డమేంటి? రోజూ వెళ్ళి దానికి జడ వేసొస్తున్నాను. ఒంటి చేత్తో వేసుకోలేదుగా," అన్నారు అత్తగారు. "సమ్మె తప్పని నేనెప్పుడన్నానురా? ఆ కమ్మీ పెట్టకుండా మీరు లేస్తే ముందు నేనే మీ మొహం చూడను."

"మరి నువ్వు చేసిందేంటి? సమ్మె అంటే ఏముందమ్మా మన దగ్గర? మనం లేకపోతే లోటు తెలియాలి. ఆ లోటే మన నోరు. అది నువ్వు పూడ్చి పెడుతుంటే ఇక మేం ఎండలో కూర్చుని దేనికి?"

"లోటు ఎవరికి తెలుస్తోందో చూశారా మరి? సూపరింటెండెంటు మంచం మీద దుప్పటి ఉంది. గుండీ పడింది ఎవరి బుగ్గ మీద?"

స్నానం చేసి వచ్చిన మా అమ్మాయి తల తుడుచుకోవడం ఆపి గుమ్మంలోనే నిలబడిపోయింది.

బాబాయ్ అప్పుడు కూర్చున్నారు. కూర్చున్నాక గాని ఆయన ఎంత అలిసిపోయారో తెలియలేదు.

"ఉతకడంతో పోతే నేను ఇంతదూరం రాను వదినా. నిన్న సూపరింటెండెంటు పత్రికలవాళ్ళని కాన్పుల వార్డుకి తీసుకెళ్ళాడు. అలమర తెరిచి ఈ దొంతరే చూపించాడు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు తీరిక వేళ ఉతికి మడిచినవి, చూడండి ఎంత పొందికగా ఉన్నాయో, లాండ్రీ ఇంతకంటే ఏం చేసింది అన్నాడు. రేపు సభలో వేదిక మీద ఇవే పెట్టి ఇదే మాట చెప్తాడు. ఊరు చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్ల మీద లాండ్రీని మూసేస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళు ఊరికే చేసే పనికి మిషన్లెందుకు, మనుషులెందుకు, అడ్డుకమ్మీలెందుకు?"

అత్తగారు బల్ల దగ్గరికి వచ్చి దుప్పటిని చూశారు. చెయ్యి చాచారు గాని ముట్టుకోలేదు.

"నా మడత చూపించి లాండ్రీ అక్కర్లేదన్నాడా?"

"నీదని వాడికి తెలీదుగా."

ఆవిడ మొహంలో సిగ్గు, కోపం కలిసి కదిలాయి. చేతికి పని అలవాటైన మనుషులు పని చెడగొట్టడం తెలియక ఇలాంటి చిక్కుల్లో పడతారు. నాలాగే గుడ్డని ఎలా పడితే అలా మడిచి ఉంటే ఆవిడ ఉతుకులు ఎవరి కంటా పడేవి కావు.

"అయిందేదో అయింది," అన్నారు బాబాయ్. "ఆయా నోరు విప్పదు. నేను విప్పను. వదిన ఇక మూట ముట్టకుండా ఉంటే చాలు. ఈ దుప్పటి నా బాయిలర్‌లో పడేస్తాను."

"బాయిలర్ ఆరిపోయి ఉందిగా బాబాయ్," అన్నారు మా ఆయన. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు. "దాచి, రేపు పొద్దున చిట్టి పక్కన వెళ్ళి కూర్చోమంటావా నన్ను? ఏ మొహం పెట్టుకుని?"

అప్పుడు నాకో ఆలోచన తట్టింది. ఈ వ్యవహారంలో నేను నోరు విప్పడం అదే మొదలు.

"అది లాండ్రీ మడతని సభలోనే చెబితే?" అన్నాను. "వేదిక మీద ఆ దొంతర పెట్టి ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేశారని ఆయన అంటాడు. కాదు, జీవితమంతా లాండ్రీలో పనిచేసిన చెయ్యి చేసిందని అక్కడే తేలితే ఆ మాటకి విలువేముంటుంది? నాకు రెండు మాటలు మాట్లాడే చోటుంది. ఆ చోటు అత్తయ్యకి ఇస్తాను. టీచరమ్మ కాదనరు. ఆవిడకి నిజం తెలుసు, పెరడు ఆవిడదే."

బాబాయ్ నన్ను తేరిపార చూశారు. "చెబితే సూపరింటెండెంటు మాట పోతుంది. నిజమే. దాంతోపాటు కమిటీ మనిషి తల్లే సమ్మెకి గండికొట్టిందని కూడా ఊరంతా తెలుస్తుంది."

"తెలియనీ," అన్నారు మా ఆయన. "జరిగిందేగా."

అందరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. ఆ పద్ధతి నా దగ్గరే నేర్చుకున్నారేమో అనిపించింది.

"లేవండి. కూర చల్లారిపోతుంది," అన్నారు.

దుప్పటి తీసి కుర్చీ మీద పెట్టి అదే బల్ల మీద కంచాలు వేశాం. బాబాయ్ వెళ్ళిపోతానని లేచారు. అత్తగారు ఆయన కంచం ముందు పెట్టి, తర్వాత మొహం చూశారు. ఆయన కూర్చున్నారు. మా అమ్మాయి నీళ్ళు పోస్తూ, "తాతయ్యా, రేపు నేనూ బడికి పోను. నానమ్మ మాట్లాడుతుంటే చూడాలి," అంది. "బళ్ళో సమ్మె ప్రకటించు, నేను వచ్చి జెండా కడతా," అన్నారాయన. వచ్చాక ఆయన వేసిన మొదటి జోకు అది. పిల్ల కోసం వేశారు.

అత్తగారు అందరికీ వడ్డించి తానూ కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక, గిన్నె మూత పెడుతున్నంత మామూలుగా మొదలుపెట్టారు.

"రేపు సభలో మాట్లాడతాను. ఆ మడత నాదని చెప్తాను. నా కొడుకు ఎవరో కూడా చెప్తాను. సిగ్గేం లేదు. అయితే ఒక్కటి. కాన్పుల వార్డు బట్టలు రేపటి నుంచి మనవాళ్ళ చేతే ఉతికించాలి. ఆ ఒక్క వార్డువే. లోపలికి ఎవరు వెళ్ళాలో నువ్వే చెప్పు, వంతులు వెయ్యి. ఒప్పుకుంటే నోరు విప్పుతాను. లేదంటే ఆ పొగడ్త అలాగే ఉండనీ. నేను ఇంట్లో కూర్చుంటాను."

బాబాయ్ చేతిలో ముద్ద కంచంలోకి దిగిపోయింది. "మా మీదే సమ్మె చేస్తున్నావా వదినా?"

"ఏం, ఆ హక్కు మీ ఒక్కరికేనా?"

మా అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి గ్లాసు నోటికడ్డం పెట్టుకుంది. బాబాయ్ గొంతులో మాత్రం ఎగతాళి లేదు.

"పోయినసారి సమ్మెలో ఆ తలుపు తెరిచాం వదినా. నువ్వున్నావు, నీకు గుర్తుండాలి. కాన్పుల వార్డుకి మాత్రం చేస్తామన్నాం. వాళ్ళేం చేశారు? ఆసుపత్రి బట్టలన్నిటినీ కాన్పుల వార్డు మూటల్లో కట్టి పంపారు. లోపలున్నవాళ్ళు ఉతుకుతూ పోయారు. గేటు దగ్గర మనం అరుస్తూ పోయాం. ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. ఆఖరికి ఎవరి ఉద్యోగం పోయింది?"

పోయింది మా మావగారిది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అత్తగారి మొహంలో ఏమీ మారలేదు.

"మోసం చేసింది వాళ్ళు. దానికి బిడ్డలేం చేశారు? ఈసారి తలుపు దగ్గర నువ్వే కూర్చో. ప్రతి మూటా విప్పి చూడు. పొత్తిగుడ్డకీ మగవాళ్ళ వార్డు దుప్పటికీ తేడా తెలీని మనిషివా?"

"తెలుసు. నాకు తెలిస్తే చాలదు. మొన్నటిదాకా ఊరు మనవైపు ఉంది. ఇవాళ కొట్టువాడు కూడా మనల్ని చూసి నవ్వుతున్నాడు. ఎండలో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇలాంటప్పుడు మనలో ఒకడు లోపలికి అడుగుపెడితే, వాడు ఎందుకు వెళ్ళాడని ఎవరూ అడగరు. సమ్మె అయిపోయిందంటారు. రెండోరోజుకి పదిమంది వెళ్తారు. ఇక ఆ రోలర్‌కి కమ్మీ పెట్టేవాడు పుట్టడు. ఇంకో చిట్టి చెయ్యి పోతుంది. నేను ఒప్పుకోను వదినా. నువ్వు మాట్లాడకపోయినా సరే."

"అయితే నేనూ మాట్లాడను," అని అత్తగారు కూర గిన్నె ఆయన వైపు జరిపారు. "కొంచెం వేసుకో."

ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పమంటే నాకు ఆ రోజూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఒకరు ఇప్పుడు పుట్టిన బిడ్డని చూస్తున్నారు. ఒకరు ఆ రోలర్ దగ్గర రేపు నిలబడబోయే పిల్లని చూస్తున్నారు. రేపు సభలో ఆ దొంతర పక్కన ఎవరూ నిలబడకపోతే ఇద్దరి పిల్లలూ ఓడిపోతారు. నాకు కనిపించిందల్లా అంతే.

మా ఆయన అప్పటిదాకా తలెత్తలేదు. తినడం మాత్రం ఆపలేదు. ఆఖరి ముద్ద తిని, నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

"రేపు పొద్దున నేను లోపలికి వెళ్తాను," అన్నారు.

బాబాయ్ ఆయన వైపు తిరిగారు.

"కాన్పుల వార్డు బట్టలు ఉతుకుతాను. చేత్తో. రోలర్ ముట్టుకోను, ఏ మిషనూ ముట్టుకోను. చంటిబట్టలు తప్ప ఇంకేదైనా మూటలో కనిపిస్తే ఆ మూట మొత్తం గేటు బయటికి విసిరేస్తాను. పని అయ్యాక వచ్చి మళ్ళీ చిట్టి పక్కనే కూర్చుంటాను. కమిటీలో ఉండి ఇది చెయ్యకూడదు. అందుకని రాత్రికే కమిటీలోంచి తప్పుకుంటున్నాను. బాబాయ్, నువ్విక్కడే ఉన్నావు కాబట్టి నీకే చెప్తున్నాను." తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగారు. "నువ్వడిగింది అయిపోయినట్టే. సభకి వెళ్ళు."

అత్తగారి చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. ఆ సాయంత్రం మొత్తంలో ఆవిడ భయపడటం అప్పుడే చూశాను.

"నేను అడిగింది యూనియన్‌నిరా," అన్నారు. "నిన్ను కాదు."

"తెలుసమ్మా."

బాబాయ్ కుర్చీ వెనక్కి జరిపి లేచారు. చెయ్యి కడుక్కుని, తువ్వాలు కోసం చూశారు. నేనే తీసి ఇచ్చాను. తొందరలో నాలుక పట్టుకునే లాగానని ఆయన చేతిలో అది విచ్చుకున్నాక తెలిసింది. ఆయన ఒక్కొక్క వేలూ తుడుచుకుని, తువ్వాలు మడతపెట్టి, మూల బయటికి లాగి బల్ల మీద ఉంచారు. ఆయనకి కూడా ఇంకోలా మడవడం రాదు.

"గేటు దగ్గర మొదట కూర్చునేది నేనే," అన్నారు మా ఆయనతో. "నిన్ను దాటనివ్వను."

"తెలుసు బాబాయ్."

"నిన్ను పెంచినవాణ్ణని చూసుకోను."

"చూసుకోవద్దు."

ఆయన చెప్పులు వేసుకుని వీధిలోకి దిగారు. దుప్పటి కుర్చీలోనే మర్చిపోయారు, లేదా మర్చిపోలేదు. ఆయన కంచంలో సగం భోజనం అలాగే ఉంది. నేను తియ్యబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. నానిపోయిన ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఉండనీ," అన్నారు. "పొద్దున ఆ గేటు దగ్గరికి వీడికంటే ముందు నేను వెళ్తాను. వీణ్ణి లోపలికి పోనివ్వను."